ముడి చమురులో ఒలియనేన్ కోసం వెతుకుతున్నాను, 149 అడ్డుపడుతోంది

సాగరిక_విశాఖ | మే 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. ప్రాజెక్టు కోసం కృష్ణా-గోదావరి బేసిన్‌లోని ఒక బావి నుంచి తీసిన ముడి చమురు ఇచ్చారు. అందులోని హోపేన్లను, స్టెరేన్లను (పూర్వకాలపు జీవుల ఆనవాళ్లుగా చమురులో మిగిలిన పదార్థాలను) వేరు చేసి, పూల మొక్కల ఆనవాలైన ఒలియనేన్ ఉందో లేదో తేల్చాలి. ఇవన్నీ లక్షకు కొన్ని పాళ్లు, ఒక్కోసారి పది లక్షలకు కొన్ని పాళ్లు మాత్రమే ఉండే పదార్థాలు.

చేసిన పని ఇది. 100 మిల్లీగ్రాముల చమురుకు నలభై రెట్లు హెక్సేన్ పోసి రాత్రంతా ఉంచి, అడుగున దిగిన ఆస్ఫాల్టీన్లను (చమురులోని బరువైన నల్లటి పదార్థాన్ని) వడకట్టి తీసేశాను. మిగిలినదాన్ని సిలికా జెల్ కాలమ్ మీద పోసి, ముందు హెక్సేన్‌తోనూ, తర్వాత హెక్సేన్, డైక్లోరోమీథేన్ మిశ్రమంతోనూ, చివర మిథనాల్ కలిపిన డైక్లోరోమీథేన్‌తోనూ దింపాను. హెక్సేన్‌తో దిగిన మొదటి భాగాన్ని ఆరబెట్టి, పదార్థాలను విడగొట్టి వాటి ముక్కల (అయాన్ల) బరువులు చూపించే జీసీ-ఎంఎస్‌కు ఇచ్చాను.

నార్మల్ ఆల్కేన్లు (తిన్నని కార్బన్ గొలుసులు) దువ్వెన పళ్లలా చక్కగా వచ్చాయి. పదిహేడు కార్బన్ల ఆల్కేన్‌ను ఆనుకుని ప్రిస్టేన్, పద్దెనిమిది కార్బన్ల దాన్ని ఆనుకుని ఫైటేన్ కనిపించాయి. ఆ తర్వాత, హోపేన్లు రావలసిన చోటికి కాస్త ముందు ఒక పెద్ద పీక్ (గీతలో శిఖరం) వచ్చింది. అందులో అన్నిటికన్నా బలమైన అయాన్ 149. హోపేన్ల అయాన్ 191ని విడిగా తీసి చూస్తే ఒక గుట్ట, దాని మీద చిన్న చిన్న గతుకులు తప్ప ఏమీ లేదు. ఇంతకన్నా మంచి యంత్రం ఉన్న చోటికి నమూనా పంపమంటారా?

పరికరాల_రవి | మే 6, రాత్రి 10:15

149 అంటే థాలేట్. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే పదార్థం. అది మీ చమురుది కాదు. యంత్రాన్ని అనుమానించే ముందు ఇంకొకటి చూడండి. ఓవెన్ ఉష్ణోగ్రత 300 డిగ్రీలకు చేరే కొద్దీ అడుగు గీత పైకి లేస్తోందా? ఆ గుట్టలో 73, 207, 281 అయాన్లు ఉంటే అది జీసీ కాలమ్ లోపలి పూత అరిగి బయటికి రావడమే. ఖాళీ హెక్సేన్ ఒక మైక్రోలీటరు ఎక్కించి అదే ప్రోగ్రామ్ నడిపితే తేలిపోతుంది. విశాఖలో నేను చూసిన యంత్రాల్లో సగానికి రోగం ఇంజెక్టర్‌లోనే ఉంటుంది. సెప్టమ్ (సూది దిగే రబ్బరు బిళ్ల) ముక్కలు లోపలి గాజు గొట్టమైన లైనర్‌లో పడి ఉంటాయి, వాటి మీద ఆస్ఫాల్టీన్ మసి పేరుకుని ఉంటుంది. లైనర్ మార్చి ఎన్నాళ్లయిందో అడగండి.

కాలమ్_మాస్టారు | మే 7, ఉదయం 6:05

అమ్మా సాగరికా, యంత్రం సంగతి తర్వాత చూద్దాం. చమురు పరీక్షల ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నా అనుభవంలో లేశమాత్రపు పదార్థాల పనిలో గెలుపోటములు తేలేది గాజు గొట్టం దగ్గరే. యంత్రం తన ముందు పెట్టినదాన్నే చూపిస్తుంది.

నువ్వు రాసినదాంట్లో నాకు ఆశ్చర్యం కలిగించింది ఒకటుంది. థాలేట్ ఎస్టర్. దానిలో ఆక్సిజన్ ఉంది, అది సిలికాను గట్టిగా పట్టుకుంటుంది. ఒట్టి హెక్సేన్‌తో దిగకూడదు. మూడో భాగంలో కనిపించవలసినది మొదటి భాగంలో ఎలా కనిపించింది? నాకు తోచిన కారణం, సిలికా తడిసి ఉంది. మే నెల, సముద్రం పక్కన ఊరు. ఓవెన్‌లోంచి తీసిన సిలికాను మూత లేకుండా బల్ల మీద పెట్టి ఫోను చూసుకునే లోపల గాలిలోని తేమను తాగేస్తుంది. తేమ పట్టిన సిలికా ఎవరినీ ఆపదు, అందరినీ కలిపి కిందికి వదిలేస్తుంది. 120 డిగ్రీల దగ్గర రాత్రంతా వేడి చేసి, తేమ చేరనివ్వని డెసికేటర్‌లో చల్లార్చి, చల్లారగానే హెక్సేన్‌లో జారుగా కలిపి గొట్టంలో పోయాలి.

ఒక్క మాట. ఈ విద్యకు క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టిన మిఖాయిల్ త్స్వెత్ 1903లో వార్సాలో తన పద్ధతిని మొదట వివరించినప్పుడు ఆకుల రంగులను వేరు చేయడం గురించి చెప్పాడు. ఆయన గొట్టాల్లో నింపిన పొడుల్లో సుద్ద ఒకటి. బడిలో సుద్దముక్కను సిరాలో నిలబెట్టి రంగులు విడిపోవడం చూసిన పిల్లలందరూ ఆయన పనే చేశారు. ఆ పిల్లలకు తెలిసిన సంగతే నీకూ చెబుతున్నాను, సుద్ద ముందే తడిసి ఉంటే రంగులు విడిపోవు.

పెంటేన్ జోలికి మాత్రం పోవద్దు. కొన్ని పుస్తకాల్లో హెక్సేన్ బదులు అదే రాసి ఉంటుంది. దాని మరుగు స్థానం 36 డిగ్రీలు. మన వేసవిలో కాలమ్ మధ్యలోనే బుడగలు లేచి సిలికా పగుళ్లిస్తుంది, ఆ పగుళ్లలోంచి నూనె జారిపోతుంది. నా కళ్లముందు జరిగింది.

లాసన్స్‌బే_నీరు | మే 7, ఉదయం 8:30

మాస్టారి మీద గౌరవంతోనే వేరే అభిప్రాయం చెబుతున్నాను. నేను సముద్రపు నీటిలో హైడ్రోకార్బన్లు కొలుస్తాను. మాకు 149 రోజూ ఎదురయ్యే శత్రువు. సిలికా బాగానే ఉండి, కాలమ్ దాటిన తర్వాత థాలేట్ చేరి ఉండవచ్చు. భాగాన్ని దేనిలో పట్టారు? మూతలో ప్లాస్టిక్ ఉందా? ఆరబెట్టిన తర్వాత సీసా గోడలను దేనితో కడిగారు?

సాగరికా, ఒక లెక్క వేసి చూడండి. 100 మిల్లీలీటర్ల హెక్సేన్‌ను 100 మైక్రోలీటర్లకు ఆరబెడితే అది వెయ్యి రెట్లు చిక్కబడింది. మీ హోపేన్లతో పాటు ఆ హెక్సేన్‌లో ఉన్న మురికీ వెయ్యి రెట్లు చిక్కబడింది. చమురు లేకుండా, మిగతా పని అంతా మొదటి నుంచి చివరి దాకా చేసి తీసిన బ్లాంక్ ఉందా? మీ పోస్టులో ఆ మాట లేదు.

కాలమ్_మాస్టారు | మే 7, ఉదయం 9:00

మేడం గారు అడిగింది నేను ముందే అడగవలసింది. మా ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేల్చే దారి మీ దగ్గరున్న ఫైల్‌లోనే ఉంది. మొదటి భాగంలో 178 అయాన్ తీసి చూడమ్మా. అది ఫినాంత్రీన్, మూడు వలయాల ఆరోమాటిక్. అది రెండో భాగానికి చెందినది. మొదటి భాగంలో కనిపిస్తే సిలికా తడిసింది. కనిపించకపోతే మేడం గారి మాటే నిజం.

సాగరిక_విశాఖ | మే 7, రాత్రి 8:20

178 ఉంది మాస్టారూ. చిన్నదేమీ కాదు. బ్లాంక్ తీయలేదు మేడం. హెక్సేన్ ఖరీదని, చమురుతోనే నేరుగా మొదలుపెట్టాను. ఈ వారం రెండూ చేస్తాను.

రవి గారూ, లైనర్ తీసి చూశాం. లోపల నల్లటి పొర ఉంది. కొత్తది వేశారు. 207 తగ్గింది కానీ గుట్ట పూర్తిగా పోలేదు.

భీమిలి_సముద్రం | మే 8, సాయంత్రం 5:10

మీ చర్చకు మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మాది భీమిలి దగ్గర. కొన్ని రోజులు తీరంలో నడిస్తే అరికాలికి నల్లటి తారు ఉండలు అంటుకుంటాయి, కిరోసిన్‌తో తప్ప వదలవు. ఇవి ఏ ఓడవో, ఏ చమురువో మీరు చెప్పే పద్ధతులతో చెప్పవచ్చా? ఎండకూ ఉప్పునీటికీ నానిన తర్వాత అందులో ఇంకా ఏముంటుంది?

లాసన్స్‌బే_నీరు | మే 8, రాత్రి 9:00

చాలా మంచి ప్రశ్న. సూక్ష్మజీవులు ముందు నార్మల్ ఆల్కేన్లను తినేస్తాయి, తర్వాత ప్రిస్టేన్, ఫైటేన్ వంటి కొమ్మలున్నవాటిని. తేలికైనవి ఎండకు ఆవిరైపోతాయి. హోపేన్ల జోలికి మాత్రం అంత తొందరగా ఏదీ పోదు. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి చమురు ఒలికినప్పుడు, తీరంలో మిగిలిన చమురు ఎంత క్షీణించిందో లెక్కగట్టడానికి ముప్పై కార్బన్ల హోపేన్‌నే కదలని కొలమానంగా తీసుకున్నారు.

ఏ చమురో చెప్పాలంటే పోల్చడానికి అనుమానితుల నమూనాలు కావాలి. వేలిముద్ర ఒక్కటి చేతిలో ఉంటే సరిపోదు, ఎవరి వేలితో పోల్చాలో తెలియాలి. మన ఊళ్లో 1957 నుంచి నడుస్తున్న రిఫైనరీకి వచ్చే చమురు రకరకాల దేశాలది, ఓడల ట్యాంకుల కడుగునీటిలో వచ్చేది వేరు. ఈసారి ఉండ దొరికితే చేత్తో ముట్టకుండా అల్యూమినియం రేకులో చుట్టి, గాజు సీసాలో పెట్టి, తేదీ, చోటు రాసి ఉంచండి. చర్మం మీది నూనెలో స్క్వాలీన్ ఉంటుంది, అది కూడా మా యంత్రానికి కనిపిస్తుంది.

రాజమండ్రి_శిల | మే 9, ఉదయం 7:45

నేను భూగర్భశాస్త్రం వైపు మనిషిని. ఈ ఒలియనేన్ ఎందుకంత ముఖ్యమో చెప్పాలనిపించింది. సాగరిక గారికి తెలిసే ఉంటుంది, మిగతావారి కోసం రాస్తున్నాను.

ముడి చమురులో మొక్కల ఆనవాళ్లు ఉంటాయని మొదట చూపించినది మ్యూనిక్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్, 1934లో. చమురులోంచి పార్ఫిరిన్లను వేరు చేసి, అవి పత్రహరితం నుంచి వచ్చినవని చెప్పాడు. పత్రహరితం మధ్యలో ఉండే మెగ్నీషియం పోయి ఆ చోటులో వనాడియమో, నికెలో కూర్చుంది, వలయం మాత్రం అలాగే నిలిచింది. బయోమార్కర్ల (ఇలా మిగిలిన జీవుల ఆనవాళ్ల) శాస్త్రమంతా అక్కడి నుంచి మొదలైంది. హోపేన్లు బ్యాక్టీరియా పొరల నుంచి వస్తాయి. స్టెరేన్లు నాచు, మొక్కలలోని స్టెరాల్స్ నుంచి వస్తాయి. ఒలియనేన్ పూల మొక్కల నుంచి వస్తుంది. విశాఖ ఇసుక దిబ్బల మీద పెరిగే జిల్లేడు పాలలో అమైరిన్ ఉంటుంది కదా, ఆ కుటుంబం పదార్థాలే కోట్ల ఏళ్లు భూమిలో ఉడికి ఒలియనేన్ అవుతాయి.

ఇక గోదావరి సంగతి. మా దిక్కున చమురుకు పుట్టిల్లు అనదగిన రాళ్లు ఒకటి కాదు. అడుగున పర్మియన్ కాలపు కొమ్ముగూడెం రాళ్లు ఉన్నాయి, బొగ్గు పొరలతో సహా. పైన క్రెటేషియస్ కాలపు రాఘవాపురం షేల్ (బురద గట్టిపడిన రాయి) ఉంది. ఇంకా పైన, సముద్రం వైపు, టెర్షియరీ కాలపు పాలకొల్లు, వడపర్రు షేల్‌లు ఉన్నాయి. పర్మియన్ ముగిసి 25 కోట్ల ఏళ్లు. అప్పటికి భూమి మీద పూల మొక్కలు లేవు. కాబట్టి కొమ్ముగూడెంలోనే పుట్టిన చమురులో ఒలియనేన్ ఉండకూడదు. అది గట్టిగా కనిపిస్తే పై షేల్‌లకు ఆ చమురులో వాటా ఉన్నట్టే. ఒక్క పీక్ మీద ఇంత నిలబడి ఉంది. లేకపోతే మాత్రం దాని ఆధారంగా ఏమీ అనకూడదు. పూల మొక్కలు ఉన్న కాలంలోనూ, వాటి శిథిలాలు చేరని సముద్రపు అడుగున పుట్టిన చమురులో అది ఉండకపోవచ్చు.

ప్రిస్టేన్, ఫైటేన్ నిష్పత్తి ఎంత వచ్చిందండీ?

సాగరిక_విశాఖ | మే 9, రాత్రి 10:30

మూడు దాటింది శిల గారూ. గాలి తగిలే చోట పేరుకున్న నేల మొక్కల పదార్థం అని పుస్తకంలో ఉంది. అదొక్కటే చూసి నిర్ధారించవద్దని మా మేడం చెప్పారు.

రాజమండ్రి_శిల | మే 10, ఉదయం 6:50

మీ మేడం చెప్పినదే సరి. బొగ్గు పొరల చమురుకూ అలాగే వస్తుంది, డెల్టా చమురుకూ అలాగే వస్తుంది. అందుకే ఒలియనేన్ కావాలి.

సాగరిక_విశాఖ | మే 14, రాత్రి 11:05

మూడు బ్లాంకులు, రెండు చమురు కాలమ్‌లు నడిపాను. సిలికాను మాస్టారు చెప్పినట్టు చేశాను. అతినీలలోహిత దీపం కింద చూశాను కూడా. హెక్సేన్ దిగుతున్నంతసేపు నీలి వెలుగు పట్టీ కాలమ్ పైభాగంలోనే ఆగి ఉంది. డైక్లోరోమీథేన్ కలిపిన ద్రావణం పోయగానే ఆ పట్టీ మెల్లగా, అంచు చెదరకుండా కిందికి కదిలింది. అది కొన చేరే ముందు సీసా మార్చాను. పదే పదే చూడాలనిపించింది. ఇప్పుడు మొదటి భాగంలో 178 లేనే లేదు.

కానీ 149 పోలేదు. సగానికి తగ్గింది. బ్లాంక్‌లో కూడా అంతే ఉంది. అంటే మాస్టారి మాటా నిజం, మేడం మాటా నిజం.

లాసన్స్‌బే_నీరు | మే 15, ఉదయం 8:10

ఇప్పుడు బ్లాంక్‌ను ముక్కలు చేయండి. హెక్సేన్ ఒక్కటే ఆరబెట్టి చూడండి. తర్వాత హెక్సేన్, సిలికా. తర్వాత దానికి సీసా, మూత, ఇలా ఒక్కొక్కటి కలుపుతూ పోండి. ఏ మెట్టు దగ్గర 149 లేస్తుందో అక్కడ దొంగ ఉన్నాడు. గాజు సామాను అంతా 450 డిగ్రీల దగ్గర కాల్చండి. గాజు ఉన్నిని, దూదిని డైక్లోరోమీథేన్‌తో ముందే కడిగి ఆరబెట్టండి. పారాఫిల్మ్ చుట్టుతున్నట్టయితే ఆపేయండి. అందులోని మైనం ఆల్కేన్లలా కనిపించి ఇంకో గందరగోళం తెస్తుంది.

సాగరిక_విశాఖ | మే 17, మధ్యాహ్నం 3:30

దొరికింది మేడం! వాష్ బాటిల్. భాగం ఆరిన తర్వాత సీసా గోడలను కడగడానికి ఒత్తితే హెక్సేన్ చిమ్మే మెత్తని ప్లాస్టిక్ సీసా వాడుతున్నాను. అందులో హెక్సేన్ వారాల తరబడి నిలవ ఉంది. ఆ సీసాలోంచి ఐదు మిల్లీలీటర్లు ఆరబెడితే 149 మొదటి రోజు పీక్‌లో దాదాపు అంతే వచ్చింది. గాజు డ్రాపర్‌కు మారాక బ్లాంక్ గీత నున్నగా ఉంది.

ఇన్నాళ్లూ నా చమురులో వెతికినది ఆ సీసాలోనే ఉందంటే కడుపులో తిప్పినట్టయింది. బ్లాంక్ తీయకుండా రెండు నెలలు పోగొట్టుకున్నాను.

191లో ఇప్పుడు హోపేన్లు కనిపిస్తున్నాయి. గుట్ట మీద మాత్రం ఇంకా ఎత్తు తక్కువగానే ఉన్నాయి. నార్మల్ ఆల్కేన్లు మొత్తాన్నీ ఆక్రమిస్తున్నాయి.

కాలమ్_మాస్టారు | మే 17, సాయంత్రం 6:40

పోగొట్టుకోలేదమ్మా. ఇకముందు ఎక్కడ పనిచేసినా బ్లాంక్ లేనిదే ఒక పీక్‌ను కూడా నమ్మవు.

ఆల్కేన్లను తీయడానికి యూరియా వాడు. పొలంలో చల్లేదే, కాకపోతే ప్రయోగశాల శుద్ధతది. 1940లో జర్మనీలో బెంగెన్ కనిపెట్టిన సంగతి ఇది. యూరియా స్ఫటికం కట్టేటప్పుడు తిన్నని గొలుసు దొరికితే దాని చుట్టూ సన్నని గొట్టంలా అల్లుకుంటుంది. కొమ్మలున్నవి, వలయాలున్నవి ఆ గొట్టంలో పట్టవు. మొదటి భాగాన్ని కొంచెం ద్రావణిలో కలిపి, మిథనాల్‌లో సంతృప్తంగా కరిగిన యూరియాను చుక్కచుక్కగా పొయ్యి. సూదుల్లాంటి తెల్లటి స్ఫటికాలు ఏర్పడతాయి. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి, ఉదయం చల్లని హెక్సేన్‌తో స్ఫటికాలను కడుగు. కడిగిన హెక్సేన్‌లో హోపేన్లు, స్టెరేన్లు ఉంటాయి. స్ఫటికాలను నీటిలో కరిగిస్తే ఆల్కేన్లు తిరిగి తేలుతాయి, వాటినీ పారేయవద్దు. 5 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్‌తో కూడా చేస్తారు, కానీ ఖర్చు లేకుండా నీ బల్ల మీద అయ్యేది ఇదే. దీనికీ విడిగా బ్లాంక్ తియ్యి.

పరికరాల_రవి | మే 17, రాత్రి 9:20

యంత్రం వైపు నుంచి ఒక సలహా. అన్ని అయాన్లనూ స్కాన్ చేయకుండా 191, 217, 412, 369, 397 వంటి కొన్నింటినే చూడమని చెప్పండి. ఒక్కో అయాన్ మీద ఎక్కువ సేపు నిలబడుతుంది కాబట్టి సున్నితత్వం చాలా పెరుగుతుంది. హోపేన్లు వచ్చే భాగంలో ఉష్ణోగ్రతను నిమిషానికి 2 డిగ్రీలకు మించి పెంచవద్దు. ఒక నమూనాకు గంటన్నర పడుతుంది, పట్టనివ్వండి.

సాగరిక_విశాఖ | మే 22, రాత్రి 10:50

యూరియా సూదులు కట్టాయి. సీసాను వెలుతురుకు ఎత్తి చూస్తే అడుగున మంచు రాలినట్టు ఉంది. కడిగిన హెక్సేన్ ఎక్కించాక 191 పూర్తిగా మారిపోయింది. ఇరవై ఏడు కార్బన్ల జంట, ఇరవై తొమ్మిది, ముప్పై, ఆపైన మెట్లు మెట్లుగా దిగే జంట పీక్‌లు. పుస్తకంలో బొమ్మ లాగే ఉంది.

ముప్పై కార్బన్ల హోపేన్‌కు సరిగ్గా ముందు ఒక పీక్ ఉంది. ఎత్తు దానిలో మూడో వంతు. ఇది ఒలియనేన్ అని రాసుకోవచ్చా?

లాసన్స్‌బే_నీరు | మే 23, ఉదయం 8:00

ఇంకా వద్దు. ఒక్క 191ని, వచ్చిన సమయాన్ని చూసి పేరు పెట్టకూడదు. లుపేన్ అనే ఇంకో మొక్కల పదార్థం దాదాపు అదే చోట దిగుతుంది. దాని బరువు కూడా 412, దానికీ 191 ఉంటుంది. తేడా చూపేది 369. లుపేన్‌కు, హోపేన్‌కు ఐసోప్రొపైల్ కొమ్మ ఉంటుంది, అది ఊడితే 412లోంచి 43 పోయి 369 మిగులుతుంది. ఒలియనేన్‌కు ఆ కొమ్మ లేదు. మొదటి పీక్ కొన దగ్గర 369 లేస్తోందా లేదా చూడండి. హోపేన్ మొదలయ్యే అంచు దగ్గర చూడవద్దు, అక్కడ దాని 369 కలుస్తుంది.

సాగరిక_విశాఖ | మే 24, సాయంత్రం 7:15

రెండు అయాన్లనూ ఒకదాని కింద ఒకటి పెట్టి ముద్రించాను. 191లో రెండు పీక్‌లు. 369లో ఒక్కటే, రెండోదాని కింద. మొదటి పీక్ కింద 369 గీత చదునుగా ఉంది. 412, 397 రెండిటి కిందా ఉన్నాయి. మూడుసార్లు కొత్తగా తీసిన చమురుతో చేశాను, మూడుసార్లూ ఇదే. పక్కనే నడిపిన బ్లాంక్‌లో ఏమీ లేదు.

రాజమండ్రి_శిల | మే 24, రాత్రి 8:40

చాలా సంతోషం. అయితే ఈ చమురు ఒక్క కొమ్ముగూడెం బిడ్డ కాదు. పూల మొక్కలు పుట్టాక పేరుకున్న షేల్‌కు ఇందులో వాటా ఉంది. కింది రాళ్ల చమురు, పై షేల్ చమురు కలిసి ఉండవచ్చు, లేదా కింది నుంచి పైకి వచ్చే దారిలో పై రాళ్లలోంచి ఒలియనేన్‌ను కడుగుకుని వచ్చి ఉండవచ్చు. తేల్చాలంటే ఏ లోతు నుంచి, ఏ ఇసుకరాయి నుంచి తీశారో తెలియాలి. సీసా మీద ఏముంది?

సాగరిక_విశాఖ | మే 24, రాత్రి 9:05

బావి అంకె మాత్రమే ఉంది. లోతు లేదు. సోమవారం మా మేడంతో కలిసి నమూనా ఇచ్చినవారికి ఉత్తరం రాస్తున్నాం.

కాలమ్_మాస్టారు | మే 25, ఉదయం 5:50

చమురు ఎంత మిగిలిందమ్మా? దేనిలో ఉంది?

సాగరిక_విశాఖ | మే 25, ఉదయం 9:30

నలభై మిల్లీలీటర్లు ఉంది మాస్టారూ. ప్లాస్టిక్ మూత డబ్బాలో వచ్చింది. ఇప్పుడే గోధుమరంగు గాజు సీసాలోకి మార్చి, మూత కింద కాల్చిన రేకు పెట్టి, తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టాను. పాత డబ్బాను కూడా హెక్సేన్‌తో కడిగి ఆ కడుగును ఆరబెడుతున్నాను. దానిలో 149 ఎంత ఉందో రేపు రాస్తాను.